ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్టమ్ డేటాబేస్‌లు, వాటి నిర్వహణ

రిలేషనల్ డేటాబేస్ సర్వర్ తన పని నడుపుకోవడానికి కావలసిన సమాచారాన్ని దాచుకునే చోట్లు సిస్టమ్ డేటాబేస్‌లు. ఎవరికి లాగిన్ ఉంది, ఏ డేటాబేస్ ఫైళ్లు ఏ డిస్కులో ఉన్నాయి, రాత్రిపూట ఏ పని ఎన్ని గంటలకు మొదలవ్వాలి వంటివన్నీ వాటిలో ఉంటాయి. ఒక్కో డేటాబేస్‌లోని టేబుళ్లు, కాలమ్‌ల వివరాలు మాత్రం ఆ డేటాబేస్‌లోనే కేటలాగ్‌గా ఉంటాయి. ఈ వివరాలను కూడా మామూలు డేటాలాగే క్వెరీతో చదవగలగాలన్నది రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్ 1985లో ప్రకటించిన నియమాల్లో ఒకటి.

డేటాకు, కేటలాగ్‌కు, సర్వర్ సమాచారానికి ఉన్న తేడా ఒక ఉదాహరణతో తేలిపోతుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31కి పెరిగినప్పుడు నెల్లికుదురు మండలం వరంగల్ నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. మండలాల టేబుల్ ఉన్న ఏ డేటాబేస్‌లోనైనా ఇది ఒక వరుసలో జిల్లా కోడ్ మారడమే. కేటలాగ్‌లో ఏమీ మారదు. ఆ టేబుల్‌కు ‘పాత జిల్లా’ అనే కాలమ్ కలిపితే కేటలాగ్ మారుతుంది. కొత్త జిల్లా కార్యాలయం సిబ్బందికి లాగిన్‌లు ఇస్తే అవి మాస్టర్ అనే సిస్టమ్ డేటాబేస్‌లో నమోదవుతాయి.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ తొలి వెర్షన్ 1989లో, సైబేస్ సాంకేతికత ఆధారంగా వచ్చింది. మాస్టర్, మోడల్, ఎమ్‌ఎస్‌డీబీ, టెంప్‌డీబీ దీని ప్రధాన సిస్టమ్ డేటాబేస్‌లు.

మాస్టర్ లేకుండా సర్వర్ లేవదు. లాగిన్‌లు, సర్వర్ సెట్టింగులు, లింక్డ్ సర్వర్లు, మిగతా డేటాబేస్‌ల ఫైళ్ల చిరునామాలు ఇందులోనే ఉంటాయి. కొత్తగా సృష్టించే ప్రతి డేటాబేస్‌కూ మోడల్ అచ్చు. మోడల్‌లో పెట్టిన టేబుల్ గానీ సెట్టింగు గానీ ఆ తర్వాత పుట్టే వాటన్నిటికీ వస్తుంది. ఎమ్‌ఎస్‌డీబీలో ఏజెంట్ జాబ్‌లు, వాటి వేళలు, హెచ్చరికలు, బ్యాకప్‌ల చరిత్ర ఉంటాయి.

టెంప్‌డీబీ తీరు వేరు. సర్వర్ మొదలైన ప్రతిసారీ ఇది మోడల్ నుంచి కొత్తగా పుడుతుంది. కాబట్టి మోడల్ చెడిపోతే టెంప్‌డీబీ పుట్టదు, సర్వరూ నడవదు. తాత్కాలిక టేబుళ్లు, పెద్ద సార్టింగులు, పాత రో వెర్షన్లు సాధారణంగా ఇక్కడికే చేరతాయి. వందలాది సెషన్లు ఒకేసారి తాత్కాలిక టేబుళ్లు సృష్టిస్తే, ఖాళీ స్థలం లెక్క ఉంచే కొద్దిపాటి పేజీల దగ్గర వరుస కడతాయి. సర్వర్ నెమ్మదించిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు చూడాల్సిన చోట్లలో ఇదొకటి. ఈ ఒత్తిడి తగ్గించడానికి టెంప్‌డీబీని సమాన పరిమాణం గల పలు డేటా ఫైళ్లుగా విడగొడతారు. 2016 వెర్షన్ నుంచి ఇన్‌స్టాలేషన్ ప్రోగ్రామే ప్రాసెసర్ కోర్లను బట్టి గరిష్ఠంగా 8 ఫైళ్లు సూచిస్తుంది.

2005 వెర్షన్‌తో వచ్చిన రిసోర్స్ డేటాబేస్ కంటికి కనిపించదు, మార్చడానికి వీలుండదు. సిస్టమ్ వ్యూలు, ప్రొసీజర్ల అసలు నిర్వచనాలు ఇందులో ఉంటాయి. దీనికి మామూలు బ్యాకప్ ఆదేశం పనిచేయదు. ఫైళ్లను కాపీ చేసి పెట్టుకోవాలి.

నిర్వహణలో ఎక్కువ నష్టం తెచ్చేది యూజర్ డేటాబేస్‌లకే బ్యాకప్ తీసి ఊరుకోవడం. పైన చెప్పిన మండలాల డేటాబేస్‌ను కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేస్తే ఒక్క వరుస కూడా పోదు, అయినా సిబ్బంది లోపలికి వెళ్లలేరు. డేటాబేస్‌లోని యూజర్‌కు మాస్టర్‌లోని లాగిన్‌తో ముడి ఒక భద్రతా గుర్తింపు సంఖ్య. కొత్త మాస్టర్‌లో ఆ సంఖ్య లేకపోతే యూజర్ పేరు ఉన్నా అది అనాథే. ఎమ్‌ఎస్‌డీబీ రాకపోతే రాత్రి జాబ్‌లూ ఉండవు. వాటిలో బ్యాకప్ జాబ్ కూడా ఉంటుంది. 2012లో వచ్చిన కంటెయిన్డ్ డేటాబేస్‌లో పాస్‌వర్డుతో సహా యూజర్‌ను డేటాబేస్‌లోనే ఉంచుకోవచ్చు గనుక లాగిన్ చిక్కు తప్పుతుంది, జాబ్‌ల చిక్కు మాత్రం తప్పదు.

మాస్టర్‌కు పూర్తి బ్యాకప్ ఒక్కటే వీలవుతుంది. లాగిన్ చేర్చినా, డేటాబేస్ సృష్టించినా, సర్వర్ సెట్టింగు మార్చినా వెంటనే తీయాలి. దాన్ని రీస్టోర్ చేయాలంటే సర్వర్‌ను సింగిల్ యూజర్ పద్ధతిలో మొదలుపెట్టాలి. పని పూర్తికాగానే సర్వర్ తనంతట తానే ఆగిపోతుంది. బ్యాకప్ లేకుంటే సిస్టమ్ డేటాబేస్‌లను ఇన్‌స్టాలేషన్ ప్రోగ్రామ్‌తో మళ్లీ కట్టుకోవచ్చు గానీ, అవి మొదటి రోజు స్థితికి వెళ్లిపోతాయి, లాగిన్‌లన్నీ పోతాయి.

పోస్ట్‌గ్రెస్‌లో మోడల్ పాత్రను టెంప్లేట్1 పోషిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఖాతాలు, హక్కులు మైఎస్‌క్యూఎల్ పేరుతోనే ఉన్న సిస్టమ్ డేటాబేస్‌లో ఉంటాయి. ఈ సర్వర్లకు బ్యాకప్ పథకం వేసేటప్పుడు కూడా ఒక్కో డేటాబేస్‌ను విడిగా తీస్తే ఖాతాలు అందులో రావు. వాటిని వేరుగా తీయాలి.