ఎగ్జిఫ్

చిలకలూరిపేట స్టూడియోల్లో ఫొటో తేడాగా వస్తే "ఎగ్జిఫ్ చూడు" అంటారు. 'ఎక్స్ఛేంజబుల్ ఇమేజ్ ఫైల్ ఫార్మాట్' అన్న పొడుగు పేరుకు ఇది పొట్టి రూపం. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘం తెచ్చిన ప్రమాణం. ఒక కంపెనీ కెమెరా తీసిన ఫొటోను ఇంకో కంపెనీ యంత్రం చదవగలగాలి, అందుకే పేరులో ఆ 'ఎక్స్ఛేంజ్'.

మిట్టమధ్యాహ్నం కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని తీశారనుకోండి. షట్టర్ సెకనులో 500వ వంతు, ఎపర్చర్ ఎఫ్8, ఐఎస్ఓ 100. బటన్ నొక్కగానే కెమెరా ఈ అంకెలన్నీ జేపెగ్ ఫైలు మొదట్లోనే, అసలు ఫొటో కంటే ముందు, రాసేస్తుంది. అదే ఎగ్జిఫ్. షట్టర్ వేగాన్ని భిన్నంగా దాస్తుంది: లవం 1, హారం 500. ప్రతి వివరానికీ ఒక నంబరుంటుంది. షట్టర్‌ది 33434.

ఫిల్ము రోజుల్లో ఇవన్నీ నోటుబుక్కులో రాసుకోవాల్సిందే. పని నేర్చుకునే కుర్రాళ్లకు ఎగ్జిఫ్‌ను మించిన గురువు లేడని నా నమ్మకం. ఎరుపు పాలిపోయిన ఫొటోనూ, నిండుగా వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి అంకెలు చూస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ వివరాలు ఊడిపోతాయి. సలహా అడగాలంటే డాక్యుమెంటుగా పంపండి. తీసిన చోటు కూడా అందులో ఉండొచ్చు, ముందు చూసుకోండి.