ఎర్ర దీపం వెలిగిన దారి

2026 జనవరి 29కి కారు పుట్టి 140 ఏళ్లు నిండాయి. 1886లో అదే రోజున జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. ఆ కథను భోగాపురం నుంచి చెప్పడం నాకిష్టం. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు ఈ ఊరి మీదుగానే సాగుతుంది. కార్లు రాకముందు వందల ఏళ్లు ఇటు తిరిగిన ఎడ్లబండ్ల గురించి రాసిపెట్టినవాళ్లు తక్కువ. భీమిలి రేవుకు సరుకు తోలిన బండివాడికి మీటర్ బోర్డు చెవుల్లోనే ఉండేది. ఇరుసు కిర్రుమంటే దిగి కందెన పెట్టేవాడు.

కారుకు దొరికిన తొలి రోడ్డు మెకానిక్ ఒక ఇల్లాలు. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, ఆయనకు చెప్పకుండా, 15, 13 ఏళ్ల కొడుకులిద్దర్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే. మనకు విశాఖ నుంచి శ్రీకాకుళం ఎంతో ఇంచుమించు అంత. ఆ బండిలో హెచ్చరించే దీపం ఒక్కటీ లేదు. దారిలో ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడింది. టోపీకి గుచ్చుకున్న పొడవాటి పిన్ను లాగి దాన్ని తోసేసింది. మరోచోట ఇంజనుకు నిప్పురవ్వ అందించే తీగ తొడుగు అరిగిపోతే, మేజోడు జారకుండా కట్టుకున్న పట్టీ విప్పి చుట్టింది. ఇంధనం అయిపోవస్తే వీస్‌లోహ్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోయించింది. బ్రేకు దిమ్మలు అరిగితే చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు వేయించింది. ఎత్తు ఎక్కలేక బండి మొరాయించినప్పుడు పిల్లలు దిగి తోశారు. వెనక్కొచ్చాక ఆమె అడగ్గా, ఎత్తుల కోసం బెంజ్ మరో గేరు పెట్టాడు.

ఇంధనం అందుతోందా, రవ్వ పడుతోందా, భారం మించిందా? బండి లాగడం మానేస్తే ఈనాటి మెకానిక్కూ ముందు ఈ మూడే చూస్తాడు. ఆవిడ ఏ బళ్లోనూ ఈ పని నేర్చుకోలేదు. అందుకే ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

తర్వాత డెబ్భై ఏళ్లు గబగబా దాటేస్తాను. 1950ల చివర్లో మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్ కారులో నాకు నచ్చింది ఛార్జింగ్ సంగతి చెప్పే చిన్న ఎర్ర దీపం. దానికి ఒక కొస బ్యాటరీ వైపు, రెండోది డైనమో వైపు. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు దాని గుండా పారి వెలుగుతుంది. ఇంజను అందుకుని డైనమో కూడా అంతే వోల్టేజీ ఇచ్చేసరికి రెండు వైపులా సమానమై, పారే కరెంటు లేక ఆరిపోతుంది. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు మాడిందేమో చూసుకోవాలి. నడుస్తుండగా వెలిగితే ఫ్యాన్ బెల్టు తెగిందేమోనని దిగి చూడాలి. డైనమోనూ నీళ్ల పంపునూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. ‘ఛార్జింగ్ పోయినా ఇల్లు చేరిపోతాంలే’ అనుకున్నవాళ్ల ఇంజను పొగలు కక్కేది అందుకే.

ఇక్కణ్నుంచి చరిత్ర వరసగా నడవదు. 1986లో బాష్ కంపెనీ కారులోని చిన్న చిన్న కంప్యూటర్లు ఒకే తీగల జత మీద మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని బయటపెట్టింది. కారు తన లోపాన్ని తనే కనిపెట్టి కోడ్‌గా రాసుకోవాలన్న నియమం కాలిఫోర్నియాలో 1988లో, ఇంకా విస్తరించి అమెరికా అంతటా 1996లో వచ్చింది. మన దేశంలో 2010 నుంచి. ఇటు భోగాపురం మీదుగా పోయే ఐదో నంబరు జాతీయ రహదారి స్వర్ణ చతుర్భుజిలో నాలుగు వరసలై, నంబరు మారి పదహారైంది.

పోయిన వానాకాలం తగరపువలస దాటాక నా కారులో దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. బ్యాటరీ, ఇంజను, ఏబీఎస్, స్టీరింగు. తొక్కినా బండి లాగదు, స్టీరింగు బిగుసుకుంది. భోగాపురంలో రోడ్డు పక్క మెకానిక్ బానెట్ ఎత్తకముందే, “అన్నీ ఒక్కపాలే పాడైపోతాయేటి బాబూ? ముందు కరెంటు సూడాల” అన్నాడు. మీటరు పెట్టాడు. ఇంజను నడుస్తుంటే 14 వోల్టుల దగ్గర ఉండాల్సింది 12కు లోపే ఉంది. ఇంజను నుంచి బాడీకి వచ్చే ఎర్త్ తీగ విప్పితే బోల్టు చుట్టూ పచ్చటి చిలుము. సముద్రం దగ్గరి పట్టు కదా, ఉప్పుగాలి తినేసింది. గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. దీపాలు ఆరాయి. కరెంటు చాలక ఒక్కో కంప్యూటరూ తన గోడు తను వెళ్లబోసుకుంది, అంతే. కోడ్ చదివే యంత్రం గోడునే చూపిస్తుంది. ఏ బోల్టు వదులైందో మనిషే వెతకాలి.

ఎరుపు వెలిగితే పక్కకు తీసి ఆపండి. పసుపైతే నెమ్మదిగా షెడ్డుకు చేరొచ్చు. ఇంజను దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం సిలిండరులో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి, లేకపోతే సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ మాడిపోతుంది. 2020లో వచ్చిన బీఎస్ 6 కాలుష్య నియమాల డీజిల్ కార్లలో, విశాఖ ట్రాఫిక్‌లో పొగ దారిలోని ఫిల్టరుకు మసి పట్టి బండి మందగిస్తుంది. ఆ ఫిల్టరు దీపం నిలకడగా పసుపులో ఉన్నప్పుడే ఈ హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడిపితే చాలావరకు ఆ మసి కాలిపోతుంది. ఎంతకీ కదలకపోతే జాతీయ రహదారి సహాయానికి 1033.

2023 మే 3న విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన ఈ ఊరి దారిలో ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లూ తిరుగుతున్నాయి. వాటిలోనూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది పడిపోతే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదు.