గోదావరి జిల్లాల ఉత్పత్తులకు భౌగోళిక గుర్తింపు: చట్టం కల్పించే రక్షణ, దాని పరిమితులు

ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ప్రసిద్ధ ఉత్పత్తులలో మూడింటికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఉప్పాడ జాందానీ చీరలు 2009లో, ఆత్రేయపురం పూతరేకులు 2023లో, నరసాపురం క్రోషే లేసు 2024లో ఈ గుర్తింపు పొందాయి. అయితే ఇది ప్రధానంగా పేరుకు లభించే రక్షణ. ఆ రక్షణను వినియోగించుకునే హక్కు వ్యక్తిగతంగా నేతపనివారికి, రేకులు తీసే మహిళలకు, లేసు అల్లేవారికి దక్కాలంటే వారి పేర్లు కూడా రిజిస్టరులో నమోదు కావాలి. పాత్రికేయులు, అధికారులు గమనించదగిన చట్టపరమైన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టం నేపథ్యం

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల పర్యవసానంగా పార్లమెంటు 1999లో వస్తువుల భౌగోళిక సూచికల (నమోదు, పరిరక్షణ) చట్టాన్ని ఆమోదించింది. ఈ చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. దేశం మొత్తానికి రిజిస్ట్రీ కార్యాలయం చెన్నైలో ఉంది. ఉత్పత్తిదారుల సంఘం గాని, వారి ప్రయోజనాలకు ప్రాతినిధ్యం వహించే సంస్థ గాని దరఖాస్తు చేయవచ్చును. ఏ ఒక్క వ్యక్తికీ ఈ పేరుపై సొంత ఆస్తి హక్కు ఉండదు. 24వ సెక్షన్ ప్రకారం ఈ హక్కును అమ్మడం, బదిలీ చేయడం, తాకట్టు పెట్టడం కుదరదు.

భౌగోళిక గుర్తింపును "పేటెంటు"గా పేర్కొనడం సరికాదు. పేటెంటు కొత్త ఆవిష్కరణకు లభిస్తుంది. భౌగోళిక గుర్తింపు ఒక ప్రాంతం కారణంగా ఒక వస్తువుకు వచ్చిన నాణ్యతకు, ప్రఖ్యాతికి లభిస్తుంది.

మూడు ఉత్పత్తులు

ఉప్పాడ జాందానీ చీరలో బుటాలు, అంచులు మగ్గంపైనే చేతితో పేక దారాలు చొప్పించి నేస్తారు. డిజైను రెండు వైపులా ఒకే విధంగా కనిపించడం దీని ప్రత్యేకత.

ఆత్రేయపురం పూతరేకుల తయారీలో పలుచని బియ్యపు పిండి జావలో ముంచిన బట్టను, బోర్లించి వేడిచేసిన కుండపై పరచి, కాగితం వంటి రేకును తీస్తారు. రేకులకు నెయ్యి, పంచదార లేదా బెల్లం చేర్చి చుడతారు. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం 2021 డిసెంబరులో దరఖాస్తు చేసింది. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇందుకు సహకరించింది.

నరసాపురం లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి పరిచయమైంది. పశ్చిమ గోదావరి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలలోని 19 మండలాల పరిధిలో తయారయ్యే లేసుకు ఈ గుర్తింపు వర్తిస్తుంది. యంత్రాలపై తయారైన చౌక లేసు ఈ పరిశ్రమకు ప్రధాన పోటీ.

"ఉత్పత్తిదారు" ఎవరు?

చట్టంలోని నిర్వచనం ప్రకారం హస్తకళా వస్తువును తయారుచేసే వ్యక్తి ఉత్పత్తిదారు. ఆ వస్తువుల వ్యాపారం నిర్వహించే వ్యక్తి కూడా ఆ నిర్వచనంలోకే వస్తారు. అందువలన వర్తకులు, ఎగుమతిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావడం చట్టబద్ధమే. కాని ఇంటివద్ద అల్లే మహిళల పేర్లు రిజిస్టరులో లేకపోతే ఆ పేరును వాడే ప్రత్యేక హక్కు, అతిక్రమణపై దావా వేసే హక్కు వర్తకుల చేతిలోనే మిగిలిపోతాయి.

నరసాపురం విషయంలో ఈ ప్రమాదం కొత్తది కాదు. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనంలో, లేసు అల్లే మహిళలను కార్మికులుగా గాక తీరిక వేళలో పనిచేసే గృహిణులుగా లెక్కించిన తీరును నమోదు చేశారు. లెక్కలో లేని శ్రమకు రిజిస్టరులోనూ స్థానం లేకపోతే గుర్తింపు ఫలితం అసలు కళాకారులకు చేరదు.

నమోదు విధానం సులభతరం

17వ సెక్షన్ కింద అధీకృత వినియోగదారుగా నమోదుకు గతంలో రూ. 500 రుసుము ఉండేది. నమోదిత యజమాని సంస్థతో కలిసి ఉమ్మడిగా దరఖాస్తు చేయవలసి వచ్చేది. 2020 ఆగస్టులో సవరించిన నిబంధనలు రుసుమును రూ. 10కి తగ్గించాయి. ఉత్పత్తిదారు స్వయంగా దరఖాస్తు చేసి, ప్రతిని యజమాని సంస్థకు పంపే వీలు కల్పించాయి.

నమోదు కాలపరిమితి పదేళ్లు. ఇది ధ్రువపత్రం ఇచ్చిన రోజు నుంచి గాక దరఖాస్తు తేదీ నుంచి లెక్కకు వస్తుంది. పూతరేకులకు గుర్తింపు 2023లో ప్రకటితమైనా గడువు 2031 డిసెంబరులోనే ముగుస్తుంది. అధీకృత వినియోగదారు నమోదు కూడా ఆ గడువును మించదు. కనుక పునరుద్ధరణ తేదీలను సంఘాలు ముందుగానే గుర్తించవలసి ఉంటుంది.

అతిక్రమణ, శిక్షలు

వస్తువు మూలస్థానం గురించి కొనుగోలుదారును తప్పుదోవ పట్టించే విధంగా నమోదిత పేరు వాడటం 22వ సెక్షన్ ప్రకారం అతిక్రమణ. అధీకృత వినియోగదారు నుంచి చట్టబద్ధంగా కొన్న సరుకును యథాతథంగా తిరిగి అమ్మడం అతిక్రమణ కాదు. పేరును తప్పుగా వాడితే 39వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా విధించవచ్చును. డిప్యూటీ సూపరింటెండెంటు స్థాయికి తగ్గని పోలీసు అధికారి తనిఖీ, స్వాధీనం చేయవచ్చును. అందుకు ముందుగా రిజిస్ట్రార్ అభిప్రాయం పొందాలి. సివిల్ దావాను జిల్లా కోర్టుకు తక్కువకాని న్యాయస్థానంలో వేయాలి. మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డు 2021లో రద్దయినందున రిజిస్ట్రార్ ఉత్తర్వులపై అప్పీళ్లు హైకోర్టుకు వెళ్తాయి.

ఈ రక్షణ వస్తువులకే పరిమితం. "డార్జిలింగ్" పేరును ఒక హోటల్ తన లాంజికి పెట్టుకోవడంపై టీ బోర్డు వేసిన దావాను కలకత్తా హైకోర్టు 2019లో కొట్టివేస్తూ ఈ అంశాన్ని స్పష్టం చేసింది.

ఆన్‌లైన్ విక్రయాలు

ప్రస్తుతం నకిలీ సరుకు దుకాణాలతో పాటు అంతర్జాల వేదికలపైనా అమ్ముడుపోతోంది. ఇతరుల మేధోసంపత్తి హక్కులను అతిక్రమించే సమాచారాన్ని ఉంచరాదని వినియోగదారులకు తెలియజేయడం, ఫిర్యాదుల అధికారిని నియమించడం 2021 సమాచార సాంకేతిక నిబంధనల ప్రకారం ఈ వేదికల బాధ్యత. నమోదు ధ్రువపత్రం చేతిలో ఉన్న నేతకారుడు గాని, లేసు కళాకారిణి గాని తన హక్కును ఆధారసహితంగా చూపి ఫిర్యాదు చేయగలరు. నమోదు లేనివారు ప్రతి సందర్భంలోనూ సంఘంపైనో, వర్తకునిపైనో ఆధారపడవలసి వస్తుంది.

కావున ఈ మూడు ఉత్పత్తుల విషయంలో గుర్తింపు ఫలితాన్ని అంచనా వేసేటప్పుడు, అధీకృత వినియోగదారులు ఎందరన్న లెక్కతో పాటు, వారిలో స్వయంగా నేసేవారు, రేకులు తీసేవారు, అల్లేవారు ఎందరన్నది ప్రధాన ప్రమాణం కావాలి.