పాత కారు – ఛాసిస్ నంబరు



మా దుగ్గిరాల పసుపు యార్డులో కొమ్ము విరిచి చూడందే బేరం కుదరదు. ముప్పయ్యేళ్లు గుమాస్తాగా ఫైళ్లు తిరగేసిన నేను మాత్రం రంగు చూసి పాత కారు కొన్నాను. కొన్నాళ్లకు లోపల పెట్రోలు వాసన. వెనుక సీట్లో మనవరాలు! ఛాసిస్ నంబరుతో విచారించగా, ఆ లోపానికి కంపెనీ ఏనాడో రీకాల్ ప్రకటించిందనీ, ఉత్తరం మొదటి యజమానికి వెళ్లిందనీ తెలిసింది. ఉచితంగానే బాగుచేశారు.

మన దేశంలో ఈ పద్ధతి ఇటీవలిదే. 1983లో మారుతి 800, 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినా, కార్లను వెనక్కి పిలిపించే ప్రత్యేక నిబంధన లేదు. 2010లో మారుతి, ఇంధనం లీకవుతుందేమోనని సుమారు లక్ష ఏ-స్టార్ కార్లను తానుగా పిలిచింది. 2012లో తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద నియమావళి చేసుకున్నది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110-ఏ సెక్షన్ చేరి, 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. యజమానుల ఫిర్యాదులు నిర్ణీత శాతానికి చేరితే కేంద్రమే రీకాల్‌కు ఆదేశించవచ్చు. అయితే ఏడేళ్లు దాటని వాహనాలకే ఇది వర్తిస్తుంది.

కనుక పాత కారు కొనేవారు ముందుగా ఛాసిస్ నంబరు షోరూములో చూపించండి. లోపం కనబడితే ఫిర్యాదు చేయండి. అర్జీ లేనిదే ఫైలు కదలదని మనకంటే ఎవరికి బాగా తెలుసు!