పెన్నా ఇసుక దాచిన దానవులపాడు

పుష్యమాసం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారికి రెండు పక్కలా నల్లరేగడిలో శనగ చేలు. గండికోటకు పోయే కార్లు నేరుగా సాగిపోతున్నాయి. మీరు మాత్రం పెన్నా ఒడ్డున ఉన్న దానవులపాడు వైపు మళ్లుతారు.

"యాడికి సార్, దిబ్బ కాడికా?" గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన అడుగుతాడు. "ఏటి గట్టెంబడి పోండి. కంప ఉంటాది, ముల్లు జాగర్త."

కంప తప్పించుకుంటూ నడిస్తే ఏరు కనిపిస్తుంది. నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. వరద వచ్చినప్పుడల్లా పెన్నా మోసుకొచ్చిన ఈ ఇసుకే ఒక జైన క్షేత్రాన్ని కప్పేసింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించాక గుడి మళ్లీ ఎండ చూసింది. ఇటుక గోడల దగ్గర ఆగండి. పాముపడగల కింద నిలబడిన జైన తీర్థంకరుడు పార్శ్వనాథుడిని చూడండి. మరో తీర్థంకరుడు శాంతినాథుడి అభిషేకానికి నిత్యవర్షుడు చేయించిన రాతి పీఠం దొరికింది ఇక్కడే. ఆ నిత్యవర్షుడు పదో శతాబ్దపు రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడని చరిత్రకారులు చెబుతారు.

ఈ చోటు గుడి మాత్రమే కాదు, మరణాన్ని ఎదురేగి స్వీకరించినవారి చోటు కూడా. ఆహారం క్రమంగా మానేసి, మనసు నిలుపుకొని ప్రాణం విడవడాన్ని జైనులు సల్లేఖన అంటారు. అలా వెళ్లినవారి గుర్తుగా నిలిపినవి నిసిది రాళ్లు. వాటిలో వర్తకుల పేర్లున్నాయి. శ్రీవిజయుడి పేరూ ఉంది. ఆయన ఇంద్రరాజు సేనాపతి, అనుపమకవి అని బిరుదున్నవాడు. యుద్ధాలు గెలిచిన ఆ మనిషి చివరికి అన్నీ వదిలి సన్యాసం తీసుకున్నాడని శాసనం చెబుతుంది. గెలుపుల పక్కనే ఆ త్యాగాన్నీ రాతిలో చెక్కి నిలిపిన కాలం అది.

ఇక్కడి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియం చేరాయి. దిబ్బ పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కంచె రాళ్లను కాపాడుతుంది, జ్ఞాపకాన్ని మాత్రం మనుషులే కాపాడాలి. ఆ శాసనాల నకలు, తెలుగులో వాటి అర్థం ఇక్కడే నిలబెట్టాలి. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు బడిపిల్లలు గండికోటకు విహారయాత్రకు వచ్చిన రోజున ఒక గంట ఈ ఒడ్డున గడపాలి. కోట కట్టినవారి గొప్ప వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. కత్తి దించినవాడి గొప్ప కూడా తమ నేలదేనని తెలియాలి.