దర్జీ నౌకరేనా? ఒక పాత ముకద్దమా కథ

పోయిన రంజాన్‌లో ఒకరోజు ఇఫ్తార్‌కు ఇంకో అరగంట ఉందనగా మా చెల్లి ఫోన్ చేసింది. మా భాంజా బండి మీద తిండి పార్సిల్ తీసుకుపోతుంటే ఆటో తగిలి పడ్డాడట. చెయ్యి విరిగింది. దవాఖానాలో ప్లాస్టర్ వేశారు. ఖర్చు సంగతి అడగడానికి కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి చాలా అదబ్‌గా చెప్పింది, "సార్, మీరు మా ఎంప్లాయీ కాదు, పార్ట్‌నర్."

"మామూ, పార్ట్‌నర్ అంటే షరీక్ కదా? మరి లాభంలో నా హిస్సా ఏది?" అని వాడు నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆరు వారాలు బండి ఎక్కలేదు. ఆరు వారాలు ఇంట్లోకి పైసా రాలేదు.

ఆ రాత్రి తరావీ నుంచి తిరిగొస్తుంటే నాకు మా నానా గుర్తొచ్చారు.

నానా దర్జీ. పాతబస్తీలో ఒక పెద్ద దుకాణంలో ముప్పై ఏళ్లు కుట్టారు. నెల జీతం లేదు. షేర్వానీకి ఒక రేటు, పైజామాకు ఒక రేటు. పని ఉంటే పొద్దున్నుంచి కూర్చోవాలి, లేకుంటే ఇంటికి రావాలి. రంజాన్ చివరి పది రోజులు సహరీ దాకా మిషన్ ఆగేది కాదు. ఈద్ వెళ్లాక వారాల తరబడి ఖాళీ. జ్వరమొస్తే ఆ రోజు మజ్దూరీ లేదు. "మీ నౌకరీ ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే, "నౌకరీ కాదు బేటా, పని" అనేవారు. కళ్లు మసకబారాక సేఠ్ సాబ్ ఒక జత బట్టల గుడ్డ చేతిలో పెట్టి పంపేశారు. అంతే. ఆయనను ఎవరూ తీసేయలేదు, ఎందుకంటే ఎవరూ పెట్టుకోలేదు కదా!

నౌకరీకీ పనికీ మధ్య ఉన్న ఈ తేడా మీదే మన తెలంగాణ దర్జీల ముకద్దమా ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వకీళ్లు ఇవాళ్టికీ ఆ తీర్పును ఉదాహరిస్తూనే ఉంటారు. మన ఇళ్లల్లో మాత్రం దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

హైదరాబాద్ స్టేట్‌గా ఉన్నప్పుడే, 1951లో, దుకాణాలు, సంస్థల్లో పనిచేసేవాళ్ల కోసం ఒక చట్టం వచ్చింది. పని గంటలు, వారానికో సెలవు వంటివి అందులో ఉన్నాయి. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు దశకంలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటివాళ్లు కార్ఖానాల ముందు నిలబడి యూనియన్లు కట్టారు. మఖ్దూం సాబ్‌ను మనం షాయర్‌గానే గుర్తుపెట్టుకున్నాం. సిటీ కాలేజీ లెక్చరర్ నౌకరీ వదిలి మజ్దూర్ల మధ్యకు వెళ్లిన మనిషి ఆయన.

చట్టమైతే వచ్చింది. కానీ అది ఎవరికి? "దుకాణంలో పనిచేసేవాడికి." అయితే పీసుకింత తీసుకునే దర్జీ దుకాణంలో పనిచేసేవాడా, లేక తన పని తాను చేసుకునే కారీగరా? సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్, ఇంకొందరు యజమానులు తమ దర్జీలు తమ మనుషులు కారన్నారు. హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లారు.

యజమానుల వాదన వింటే మా నానా జిందగీ చదువుతున్నట్టే ఉంటుంది. జీతం లేదు, పీసుకింత. మనిషి హునర్‌ను బట్టి, పనిని బట్టి రేటు. రేపు రాకపోతే సెలవు చీటీ అక్కర్లేదు, చెప్పనక్కర్లేదు. పని లేకుంటే లేచి వెళ్లొచ్చు. కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్లి కుట్టుకుంటారు. వేరే దుకాణానికి కుట్టినా అడ్డం లేదు. ఇంత ఆజాదీ ఉన్నవాడు నౌకరెలా అవుతాడు?

ఆ ప్రశ్న గట్టిదే. అప్పటిదాకా కోర్టులు ఎక్కువగా ఒకే కొలబద్ద వాడేవి: ఏం పని చేయాలో చెప్పడమే కాదు, ఎలా చేయాలో కూడా హుకుం చేసే అధికారం యజమానికి ఉందా? 1956లో సౌరాష్ట్ర ఉప్పు మళ్లలోని అగరియాలు ఈ కొలబద్ద మీదే గెలిచారు. 1961లో మహారాష్ట్ర బీడీ కార్మికుడు ఒకరి సెలవు జీతం ముకద్దమాలో దాదాపు ఇదే కొలబద్ద మీద తీర్పు కార్మికుడికి వ్యతిరేకంగా వచ్చింది. ఇష్టమొచ్చినప్పుడు వచ్చి ఇష్టమొచ్చినప్పుడు పోయే మనిషి మీద యజమానికి అదుపు ఎక్కడిదన్నారు.

1973 సెప్టెంబరులో జస్టిస్ మాథ్యూ తీర్పు చెప్పారు. హుకుం అనేది ఒక్కటే కొలబద్ద కాదన్నారు. చాలా సంగతులు కలిపి చూడాలన్నారు. పని జరిగేది ఎవరి జాగాలో? యజమానిది. మిషన్లు ఎవరివి? యజమానివి. గుడ్డ ఇచ్చేటప్పుడు ఎలా కుట్టాలో చెప్పేది ఎవరు? యజమాని. కుట్టు నచ్చకపోతే "మళ్లీ కుట్టు" అని తిప్పికొట్టేది ఎవరు? అదీ యజమానే. అలా తిప్పికొట్టే అధికారం ఉందంటే అదుపు ఉన్నట్టే. ఇంటికి తీసుకెళ్లి కుట్టినా, ఇద్దరు యజమానులకు కుట్టినా, ఆ బంధం తెగదు. దర్జీలు గెలిచారు.

నేను ఈ తీర్పు మొదటిసారి చదివినప్పుడు ఒకటి తట్టింది. ఏ మాటకైతే నానా జీవితమంతా భయపడ్డారో, ఆ "మళ్లీ కుట్టు" అన్న మాటే ఆయన హక్కుకు గవాహీ అయింది.

కథ అక్కడితో ఆగలేదు. నానా బిడ్డ, అంటే మా అమ్మీ, నిజామాబాద్ వైపు కోడలిగా వెళ్లి బీడీలు చుట్టింది. మన ఇళ్లల్లో ఎందరికో ఇది తెలిసిన సంగతే. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, పక్కన నానబెట్టిన తునికాకు. సాయంత్రం కార్ఖానాకు కట్టలు తీసుకుపోతే టేకేదారు వేళ్లతో తిప్పి చూసి కొన్ని పక్కన పడేసేవాడు. దాన్నే ఛాట్ అనేవాళ్లు. ఛాట్ బీడీలకు పైసలు లేవు. ఆకు తక్కువ ఇచ్చి బీడీలు పూర్తిగా అడిగితే, ఆ తక్కువ మనమే బజార్లో కొని పూడ్చాలి.

బీడీ కార్మికుల కోసం 1966లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లనూ అందులో చేర్చింది. రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు మించి పని వద్దంది. ఆరు నెలలు పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా తీసేయొద్దని, నెల ముందు నోటీసైనా నెల మజ్దూరీ అయినా ఇవ్వాలని చెప్పింది. ఛాట్ మీద, ఆకు మీద వచ్చే తగాదాలు తేల్చడానికీ దారి పెట్టింది. 1977లో పీఎఫ్ కూడా బీడీకి వర్తించింది. యజమానులు మళ్లీ పాత పాటే ఎత్తుకున్నారు: ఇళ్లల్లో చుట్టే ఆడవాళ్లు మా నౌకర్లు కారు.

1985లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఇంట్లో చుట్టినా బీడీలను పరీక్షించి తిప్పికొట్టే అధికారం యజమానిదే కాబట్టి వాళ్లు ఆయన కార్మికులేనంది. దర్జీల ముకద్దమాలో తేలిన న్యాయమే అది. నానా తరానికి అందని ఇన్సాఫ్ అమ్మీ తరానికి పీఎఫ్ నంబరుగా అందింది. తెలంగాణ వచ్చాక 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలైనప్పుడు, తర్వాత అది 2016 రూపాయలైనప్పుడు, అడిగింది ఆ పీఎఫ్ నంబరునే. అది లేని ఆడవాళ్లు, ఇతరుల పేరు మీద చుట్టినవాళ్లు, చేతి వేళ్లు అరిగిపోయినా బయటే ఉండిపోయారు. ఒక కాగితం ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో మా గల్లీలో చూశాను.

ఇక జిమ్మెదారీ మాట. మన పెద్దలు హక్కు గురించి తక్కువ మాట్లాడారు గానీ జిమ్మెదారీ గురించి రోజూ మాట్లాడారు. గ్రాహకుడి గుడ్డ అమానత్ అనేవారు నానా. షేర్వానీ కోసి మిగిలిన ముక్కలు కూడా పొట్లం కట్టి ఇచ్చేవారు. ఈద్ బట్టలు చాంద్ రాత్‌కు అందకపోతే ఆ ఇంటి పిల్లాడి ఏడుపు తన లెక్కలో పడుతుందనేవారు. అమ్మీ కూడా కంపెనీ ఆకును సొంత ఆకులో కలపలేదు. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేయడం, సామాను పాడు చేయకపోవడం, రాలేకపోతే ముందే చెప్పడం, ఇవి మజ్దూరు వైపు బాకీలు. వీటిలో మనం తప్పితే యజమాని అడగాల్సిందే.

కానీ అడిగేవాడికీ ఒక బాకీ ఉంది. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలన్న మాట మనం జుమా బయానుల్లో ఎన్నిసార్లు వినలేదు? దుకాణం పెట్టుకున్న మన భాయిలే, పనిచేసే కుర్రాడికి వారం సెలవు అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఇంట్లో గిన్నెలు తోమే ఆమె రెండు రోజులు రాకపోతే మనమే పైసలు కోస్తాం. ముందు మన గడపలో చూసుకుని తర్వాత కంపెనీలను అడుగుదాం. రెండూ చేయాలి.

మా భాంజా వంటివాళ్లకు "గిగ్ వర్కర్" అని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో పేరు పెట్టారు. యజమాని, నౌకరు అనే పాత బంధానికి బయట ఉన్నవాళ్లని అందులోనే రాశారు. వాళ్ల కోసం కంపెనీల నుంచి టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం తీసి నిధి పెట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. 2023లో రాజస్థాన్ సొంత చట్టం చేసింది. 2021లో లండన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లు వర్కర్లేనంది. గ్రాహకులు ఇచ్చే రేటింగ్‌ను కంపెనీ వాడే తీరు కూడా అదుపేనని చెప్పింది.

ప్లాస్టర్ తీసేశాక మా వాడు ఇంటికొచ్చాడు. నానా ముకద్దమా కథ మొత్తం చెప్పాను. వాడు ఫోన్ తీసి చూపించాడు. రేటింగ్ ఎంతకు పడితే పని తగ్గుతుందో, ఎన్ని ఆర్డర్లు వద్దంటే ఐడీ ఆగుతుందో, ఏ చొక్కా వేసుకోవాలో, అన్నీ అందులో ఉన్నాయి.

"మామూ, ఇది ఛాట్ కదా?" అన్నాడు.

"అవును బేటా" అన్నాను. "వీటన్నిటి ఫొటో తీసి దాచుకో. ప్రతి వారం డబ్బుల లెక్కా దాచుకో. ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకో."

నానా దగ్గర ముప్పై ఏళ్ల పనికి ఒక్క కాగితం లేదు. అమ్మీ పీఎఫ్ బుక్కు ఇంకా ఇనప్పెట్టెలో ఉంది. వాడిది ఫోన్‌లోనైనా ఉండాలి.