రోలు, పొత్రము, విద్యుద్యంత్రము



కేకులు, రొట్టెలు ఇంటనే కాల్చుకొనుటకై పిండి కలుపు విద్యుద్యంత్రము కావలెనని నేడు కృష్ణాతీరపు పల్లెలలోగూడ కోడండ్రు, మనుమరాండ్రు అడుగుచున్నారు. పైకము నిచ్చువారు మీరు. విజయవాడలో బీసెంటు రోడ్డునకు పోయి అంగడివాని నడిగినచో, తనకు లాభమైన దానినే అతడు మంచిదనును. ఇంటికి వచ్చిన యంత్రము నెల దినములు తిరిగి అటకెక్కును. అట్లు అటకెక్కిన వానిని నేను పెక్కిండ్లలో చూచితిని. కొనినవారు యంత్రపు రంగును చూచిరేగాని, అది చేయవలసిన పని యేదో విచారింపలేదు. ఆ పని తెలియుటకు మన వంటయింటి చరిత్రను కొంచెము తిరుగవేయవలసియున్నది.

కాల్చుట మనకు క్రొత్తయని పలువురు తలంతురు. దిబ్బరొట్టె నెరుగని యిల్లు ఈ మండలమున కలదా? మినపపిండిలో బియ్యపురవ్వ కలిపి, దళసరి గిన్నెలో నూనె వేసి అందులో పోసి, క్రింద కుంపటిలో నిప్పులు, పైన మూతమీద నిప్పులు ఉంచి, సన్నని సెగను కాల్చుచుండిరి. క్రిందను మీదను వేడిమి తగులుటయే కదా ఓవెను చేయు పనియు! ఆ రొట్టె గుల్లగా నుండుటకు రోటిలో రుబ్బిన పిండిని చేతితో బాగుగా గిలకొట్టుచుండిరి. పిండిబొట్టును నీటిలో వేసి, తేలినచో చాలుననియు, మునిగినచో ఇంకను కొట్టవలెననియు మన తల్లులు నిర్ణయించుచుండిరి. గాలి పిండిలో ఇమిడినదో లేదో తెలిసికొనుటకు ఇంతకన్న సులభమైన పరీక్షను నేనెరుగను.

మనకు క్రొత్తయైనది కాల్చుట కాదు, గోధుమపిండిని పిసుకుట. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట ఈ మండలమును వరిపొలముగా మార్చెను. 1952 వరదలో ఆ యానకట్ట తెగగా, 1957లో ప్రకాశము బ్యారేజి దాని స్థానము నాక్రమించెను. వరి మాత్రము కదలలేదు. గోధుమపిండిని నీటితో పిసికినచో అందులోని జిగట పదార్థము తీగెవలె సాగి గాలిని పట్టియుంచును. బియ్యపుపిండికి ఆ గుణము లేదు. అందుచేతనే అరిసెపిండిని పట్టియుంచుటకు బెల్లపుపాకము కావలసివచ్చెను. బందరునకు 1605-06 నాటికే డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వచ్చి వర్తకశాలలు పెట్టినను, వారి రొట్టె మన పల్లెల వంటయింటిలోనికి రాలేదు. బందరు పేరు నిలిపిన తొక్కుడులడ్డు సెనగపిండితో చేయునది. దానికి కావలసినది రోలు, రోకలి, నెయ్యి, బెల్లము.

రోలు అనినంతనే మనవారు రుచిని స్మరింతురు. ఆ రుచికి వెల యెవరు చెల్లించిరో స్మరించువారు తక్కువ. తెల్లవారుజామున లేచి పదిమందికి పప్పు రుబ్బి, వడ్లు దంచి, తిరుగలి త్రిప్పిన స్త్రీల భుజములు నలువదియేండ్లకే పట్టుకొనిపోయెడివి. మా అమ్మమ్మ రుబ్బిన పిండి వెన్నవలె నుండెడిదని మా యింట నేటికిని చెప్పుకొందురు. ఆమె కుడిచేయి తలపైకి లేచెడిది కాదనుట మాత్రము ఎవరును చెప్పరు.

పశ్చిమదేశములలోను కథ యిట్టిదే. కేకులో సోడాపొడులు వేయు అలవాటు పందొమ్మిదవ శతాబ్దిలో వ్యాపించెను. అంతకుముందు గ్రుడ్లను వెన్నను గంటసేపు చేతితో గిలకొట్టిననే గాని కేకు పొంగెడిది కాదు. అమెరికాలో 1885లో రూఫసు ఈస్ట్‌మను అనునతడు మోటారుతో త్రిప్పదగిన గిలకొట్టుడు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1908లో హెర్బర్టు జాన్‌స్టను అను ఇంజనీరు, రొట్టెలవాడొకడు పెద్ద గరిటెతో పిండిని కలుపుటకు పడుచున్న శ్రమను చూచి, హోబార్టు కంపెనీలో ఒక యంత్రమును కల్పింప మొదలిడెనని చెప్పుదురు. 1919లో ఆ కంపెనీయే ఇండ్లకై చిన్నదానిని చేసెను. అదియు అరువదియైదు పౌనుల బరువు. భూమి తన చుట్టు తాను తిరుగుచు సూర్యుని చుట్టు తిరిగినట్లు, అందలి గిలకొట్టుడు కాడ తన చుట్టు తాను తిరుగుచు గిన్నెయంతయు చుట్టివచ్చును. నేటి మంచి యంత్రములకును ఆ చలనమే ఆధారము. 1930లో ఐవారు జెప్సను కల్పించిన సన్‌బీము యంత్రము రెండు కాడలతో వచ్చి, ధర తగ్గి, సామాన్యుల యిండ్లలో ప్రవేశించెను.

మనదేశమున మార్గము వేరయ్యెను, ఏలయన మనకు కావలసినది గిలకొట్టుట కాదు, రుబ్బుట. 1955 ప్రాంతమున కోయంబత్తూరులో రోటినే మోటారుతో త్రిప్పు గ్రైండరు పుట్టెను. 1960 దశకమున సత్యప్రకాశ మాథురు అను ఇంజనీరు భార్య వాడుచున్న జర్మను యంత్రము మన పప్పులను రుబ్బలేక కాలిపోగా, ఆయన బలమైన మోటారుతో సుమీత్ అను మిక్సీని తయారుచేసెను. 1969లో గ్రామ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినది. 1979లో ఇబ్రహీంపట్నము వద్ద థర్మలు కేంద్రపు మొదటి యంత్రము నడచినది. పల్లెలకు విద్యుత్తు వ్యాపించినకొలది రోళ్లు పెరటిలోనికి పోయినవి.

కావున మూడు పనులు, మూడు యంత్రములు. మిక్సీ కత్తితో కోయును. గ్రైండరు రాతితో రుబ్బును. కేకునకు కావలసినది గాలిని కొట్టి చేర్చుట, రొట్టెకు కావలసినది పిసుకుట. మిక్సీలో కేకుపిండి వేసినచో గాలి చేరక, కత్తి వేగమునకు వేడెక్కి బిరుసగును. మీ యింట నెలకొకటి రెండు కేకులు మాత్రమే చేయుదురేని, చేతితో పట్టుకొను చిన్న యంత్రము చాలును, పెద్దది దండుగ. పెద్దగిన్నెలో ఒకటి రెండు గ్రుడ్ల సొన వేసినచో కాడలకు అందనే అందదు. వారమువారము గోధుమరొట్టె చేయుదురేని, చిన్న యంత్రము ఆ ముద్దకు తాళలేదు. నిలువు యంత్రమే కొనవలెను. దానిలోపలి పండ్లచక్రములు లోహపువో ప్లాస్టికువో అడుగుడు. వాట్టులు చూచి మోసపోకుడు: వాట్టులనగా యంత్రము త్రాగు విద్యుత్తేగాని చేయు పని కాదు. ఎన్ని నిమిషములు ఆపక త్రిప్పవచ్చునో దానిమీదనే వ్రాసియుండును, అది చదువుడు. అరకిలో గోధుమపిండిని వెంట తీసికొనిపోయి అంగడిలోనే పిసికించి చూచుట ఉత్తమము. అంగడివాడు నవ్విన నవ్వనిండు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఒకటి కలదు. పూర్వము రోలు కొనువారు రాతిని సుత్తితో తట్టి, ఖంగుమని పలికినదానినే తెచ్చెడివారు. బీటయున్న రాయి బొద్దుగా పలుకును. తెచ్చిన పిదప, రోళ్లకు కక్కు కొడతామని వీధిలో కేకవేయుచు మనిషి వచ్చెడివాడు గనుక, అరిగిన రోలు మరల పదును తేరి తరములు నిలిచినది. విద్యుద్యంత్రమునకును అరుగునది కలదు. మోటారులో బొగ్గు బ్రష్షులు అరుగును. వానిని మార్చువాడు విజయవాడలోనో గుడివాడలోనో ఉండవలెను. వాని చిరునామా చెప్పలేని అంగడిలో ఎంత చౌకయైనను కొనరాదని నా యభిప్రాయము.

ఈ విషయమున నేనెరిగిన యొక యిల్లు కలదు. 1965లో అమెరికా తన వలసచట్టమును సడలించిన పిదప మన మండలమునుండి ఎందరో అచటికి పోయిరి. అట్లు పోయిన కుమారుడొకడు తల్లికి ప్రీతితో పెద్ద యంత్రమును మోసికొనివచ్చెను. అచటి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. బిడ్డలందరును చూచుచుండగా మీట నొక్కిరి. రెండు నిమిషములలో పొగ లేచినది. ఆ తల్లి యేమియు అనలేదు. కుమారుని మొగము చూచి, అన్నము తినుటకు రమ్మనెను. మరుసటి యేడు అతడు మోటారు మార్పించి, వోల్టులు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరును యంత్రపు వాట్టులకు మించినదానిని చూచి తెచ్చెను. అది యంత్రముతో సమానమైన బరువున్నది. దానిని వంటయింటి మూల పీటమీద నుంచిరి.

ఆ యింట కేకులు ఏటికి రెండుసారులే చేయుదురు. గ్రైండరులో రుబ్బిన మినపపిండిని ఆ యంత్రములో పోసి తీగెల కాడతో గిలకొట్టి, ఆమె దిబ్బరొట్టె కాల్చుచున్నది. గిలకొట్టుట చాలినదో లేదో తెలిసికొనుటకు, ప్రక్కనే గిన్నెలో నీళ్లు పెట్టుకొని పిండిబొట్టు వేసి చూచుకొనుచున్నది.